నెత్తి మీది కాగితం

మళ్ళీ మోగింది. ఈసారి దక్షిణం వైపు నుంచి. ఇందాక తూర్పున వినిపించిన గంట ఇంతలోనే దక్షిణానికి ఎలా పోయింది, లంగరు వేసిన ఓడకు కాళ్లుండవు కదా అనుకున్నాడు గవర్నరు దోన్ బల్తసార్, కిటికీ చట్రానికి చెయ్యి ఆనించి. కిటికీ అవతల ఏమీ లేదు. నిన్న సాయంత్రం దాకా అక్కడ శాన్ తెల్మో కోట బురుజు ఉండేది, బురుజు కింద ఏరు, ఏరు సముద్రంలో కలిసే మొగ, మొగకు అడ్డంగా పడుకున్న ఇసుక మేట, మేట మీద రాత్రింబవళ్లు తెల్లగా విరిగే అలలు ఉండేవి. తెల్లవారేసరికి పొగమంచు అన్నిటినీ మింగి కూర్చుంది. చెయ్యి బయటకు చాపి చూశాడు. మణికట్టు దాకానే తనది, ఆ పైన ఎవరిదో. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొద్దున్నే ఇలాంటి ఊహలు మంచివి కావు. భార్య ఇనేస్ బతికి ఉంటే, కాస్త ఏదైనా తిను, పరగడుపున పిచ్చి ఆలోచనలు కాక ఏం వస్తాయి అనేది. ఇనేస్ చర్చి బండల కింద పడుకుని చాలా ఏళ్లయింది. చర్చి కోటకు దక్షిణానే ఉంది. ఆ సంగతి గుర్తొచ్చాక గంట ఇంకోసారి మోగింది.

ఓడే అది, ఇంకేమీ కాదు. నిన్న పొద్దుగూకే వేళ బురుజు మీది కాపలావాడు చూశాడు. హవానా నుంచి వచ్చిన ఓడ, పోటు దాటిపోయాక వచ్చింది కాబట్టి మేటకు అవతలే ఆగిపోయింది. శాన్ తెల్మో మొగలోకి ఏ ఓడా తనంతట తాను రాలేదు. మేట కింద దారి పక్షానికోసారి జరుగుతుంది, పడకలో ఒత్తిగిలే మనిషిలాగా. ఆ దారి చూపించి ఓడను లోపలికి తెచ్చే అధికారం ఈ తీరంలో ఒక్కడికే ఉంది, రాజుగారి ముద్ర పడ్డ సరంగు తొమేకి. ఆ తొమే ఇప్పుడు ఏటి ఒడ్డున తన పడవలో లేడు. ఈ గదిలోనే, తలుపు పక్క బల్ల మీద, మోకాళ్ల మీద టోపీ పెట్టుకుని, గవర్నరు ఇప్పించిన వేడి చాక్లెట్ గిన్నెను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా కోటకు వస్తూ పోతూ ఉన్నవాడికి గవర్నరు గదిలో కూర్చోమనడం, తాగమనడం ఇదే మొదటిసారి. గిన్నె వైపు అనుమానంగా చూస్తున్నాడు.

"పోటు నిండిందండి దొరగారూ," అన్నాడు. "ఇప్పుడు పడవెక్కితేనే అందుకుంటాను. ఆటు పట్టిందంటే మేట మీద పిల్లి కూడా తడవదు."

"మంచు విడవనీ తొమే."

"మంచుతో నాకేం పనండి. నేను కళ్లతో పోతానా? పడవ అడుగున నీళ్లు ఎటు లాగుతున్నాయో కాళ్లకి తెలుస్తుంది. మా నాన్న ముసలితనంలో గుడ్డివాడైపోయి కూడా ఓడలు తెచ్చాడు."

"చాక్లెట్ చల్లారిపోతోంది, తాగు."

తొమే తాగాడు. తాగక ఏం చేస్తాడు, పెద్దవాళ్ల మర్యాద ఉడుం పట్టులాంటిది. బల్తసార్ మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. తన గొంతు మామూలుగానే పలికింది, దానికే ఆశ్చర్యపోయాడు. మంచు విడవనీ. ఎంత సాదా మాట. ఏ విచారణలోనైనా ఎవరైనా అడిగితే అవును, సరంగు ప్రాణానికి ముప్పని ఆపాను అని చెప్పొచ్చు. మంచు విడిచేసరికి ఆటు పడుతుంది. ఓడ సాయంత్రం దాకా అక్కడే ఉండాలి. ఈ కాలంలో మధ్యాహ్నానికి ఈశాన్యపు గాలి లేస్తుంది, ఆ గాలికి లంగరు ఆగదు. ఓడ వెనక్కి సముద్రంలోకి పోవచ్చు. లేదా. ఆ 'లేదా' దగ్గర ఆయన బుర్ర ఆగిపోయింది, మేట ముందు ఓడ ఆగినట్టు. లోపలికి పోయే దారి తెలిసినవాడు తనలోనే ఎక్కడో ఉన్నాడు. వాడికీ ఏదో ఇచ్చి కూర్చోబెట్టాడు.

మాడు చల్లగా ఉంది. నడినెత్తిన, అరచెయ్యంత మేర. వేసవిలో కూడా తగ్గలేదు. కోట వైద్యుడు ముసలితనం అన్నాడు, ఉన్ని టోపీ పెట్టుకోమన్నాడు. ఉన్ని టోపీ కింద కూడా ఆ చల్లదనం ఎవరో చెయ్యి పెట్టి తియ్యడం మరచిపోయినట్టు అలాగే ఉంది. ఎప్పుడు మొదలైందో ఆయనకు తెలుసు. వైద్యుడికి చెప్పలేదు.

రాజుగారి ఆజ్ఞ వస్తే జరపాల్సిన పద్ధతి ఒకటుంది. సభలో ఉన్నవాళ్లంతా టోపీలు తీసి నిలబడాలి. లేఖరి చదవాలి. చదివాక గవర్నరు ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుని, ముద్దు పెట్టుకుని, నెత్తిన పెట్టుకోవాలి. అది నెత్తి మీద ఉన్నంతసేపూ రాజుగారే ఆ గదిలో ఉన్నట్టు లెక్క. ఎవరూ కూర్చోకూడదు, పెదవి విప్పకూడదు, నిలబడ్డ చోటు నుంచి కదలకూడదు. ఆ తరవాత గవర్నరు 'శిరసావహిస్తున్నాను' అనాలి. అనగానే ఆజ్ఞ అమల్లోకి వచ్చినట్టు. అయితే దాని వెనకే ఇంకో ముక్క కూడా అనొచ్చు: 'కానీ అమలు చేయడం లేదు.' ఇది ధిక్కారం కాదు, ఇదీ పద్ధతే. రాజుగారు ధర్మాత్ములు, సముద్రానికి అవతల ఉన్నారు, ఎవరో తప్పుగా విన్నవించి ఉంటారు, నిజం తెలిస్తే ఇలా రాయరు అని మర్యాదగా మనవి చేసుకోవడమన్నమాట. పాము చావదు, కర్ర విరగదు. ఇంత తెలివైన మాటను కనిపెట్టినవాడు తప్పకుండా గవర్నరుగా చేసి ఉంటాడని బల్తసార్ నమ్మకం.

మొదటిసారి అది నోటి వెంట ఎంత తేలిగ్గా వచ్చిందో. లేఖరి ఫెర్మిన్ కాగితం అందిస్తూ ఉంటే, "ఎంతసేపు పెట్టుకోవాలయ్యా?" అని గుసగుసగా అడిగాడు తను. ఫెర్మిన్ పొడి దగ్గు దగ్గి, "ఎక్కడా రాసిలేదండి. ఒక ప్రార్థన చెప్పుకునేంతసేపని వాడుక. మరీ ఎక్కువసేపు ఉంచుకుంటే మెడ పట్టేస్తుందండి, అంతే," అన్నాడు. నవ్వొచ్చింది. నెత్తిన కాగితంతో నవ్వు ఆపుకోవడానికే తంటాలు పడ్డాడు. శిరసావహిస్తున్నాను, కానీ అమలు చేయడం లేదు. అయిపోయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

రెండోసారి అదే ఆజ్ఞ, ఇంకొంచెం కరుగ్గా వచ్చింది. కింద అదే సంతకం, 'నేను, రాజు.' పేరుండదు. ఏ రాజైనా అంతే రాస్తాడు, నేను, రాజు. నెత్తిన పెట్టుకోగానే చల్లగా తగిలింది. ఓడలో తేమకు మెత్తబడి ఉంటుందనుకున్నాడు. అవే రెండు మాటలు అన్నాడు, దించాడు. కొన్ని వారాలకు నల్ల గుడ్డ కట్టిన ఓడ ఒకటి వచ్చి, రాజుగారు పోయారని కబురు చెప్పింది. తేదీలు చూస్తే ఆ ఆజ్ఞ బయలుదేరేటప్పటికే ఆయన పోయి ఉన్నాడు. తను ముద్దు పెట్టుకున్నది ఎవరి చేతిని? ఎవరు రాశారు 'నేను' అని? ఫెర్మిన్‌ని అడిగితే, "ముద్ర వేసే గుమాస్తాలుంటారండి, ముందుగానే కట్టలు కట్టలుగా సంతకాలు చేయించి పెట్టుకుంటారు," అని తేల్చేశాడు. నిజమే అయి ఉంటుంది. కానీ మాడు మీద ఆ చెయ్యి ఇంకా తియ్యలేదు. కొత్త రాజు గుమాస్తాదో, పాత రాజుదో, ఆ చేతికి మాత్రం పేరు లేదు.

ఫిరంగి పేలింది. మంచులో దాని చప్పుడు దూది మూటలో కొట్టినట్టు చచ్చుగా వచ్చింది. కిటికీ రెక్క వణికింది.

తొమే లేచి నిలబడ్డాడు. "సరంగు కోసం పిలుస్తున్నాడండి."

"విన్నాను. కూర్చో."

"లంగరు జారుతున్నట్టుందండి. లేకపోతే పోటు ఉండగానే మందు తగలేసుకోరు." తొమే కూర్చోలేదు. టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు. "మా వాళ్లు ఒకమాట అంటారు దొరగారూ. పిలిచిన ఓడకి పోని సరంగుని, ఆ తరవాత సముద్రం పేరు పెట్టి పిలుస్తుందట."

"నిన్ను ఆపింది నేను కదా."

"అదేనండి నేనూ చూస్తున్నది," అన్నాడు తొమే, "ఎవరి పేరు పిలుస్తుందా అని."

గంట ఇప్పుడు తూర్పునా లేదు, దక్షిణానా లేదు. కాళ్ల కింద, నేలమాళిగలో ఎక్కడో మోగుతోంది. అక్కడ ఉన్నవి పిండి బస్తాలు. హవానా పంపిన పిండి, మనిషి కంటే ముందు పురుగు తినేది. పిండి పంపండి అని రాస్తే పురుగులు పంపారు, సిపాయిలకు చెప్పులు పంపండి అంటే చర్చికి పట్టు తెరలు పంపారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, రాజుగారు ఇచ్చిన ప్రతిదీ హవానాలోని పెద్దదొర గుమ్మం దగ్గర ఆగిపోయేది. ఆయనకు బల్తసార్ అంటే మొదటి నుంచీ గిట్టదు. 'తమరి కోట ఇసుకలో ఉంది, తమరి బుర్ర కూడా అందులోనే ఉన్నట్టుంది' అని రాశాడొకసారి. దానికి జవాబుగా బల్తసార్ ఆ పురుగుల్ని సీసాలో పోసి, తమ సిపాయిలు క్షేమంగా చేరారు అని రాసి పంపాడు. కోటంతా నవ్వింది. ఆ నవ్వు ఖరీదు ఇప్పుడు తెలుస్తోంది. పెద్దల మీద కోపం ఎవరికి తగులుతుందో, కోపం తెచ్చుకున్నవాడు ముందుగా చూసుకోవాలి. తను చూసుకోలేదు. మెర్సెద్ పేట ఉంది కదా, తగలడానికి.

మెర్సెద్ పేట ఏటికి ఎగువన ఉంది. ఉత్తరాన ఇంగ్లీషువాళ్ల వరిమళ్ల నుంచి పారిపోయి వచ్చిన నల్లవాళ్లు కట్టుకున్న పేట. మా మతంలోకి వచ్చి మా తీరాన్ని కాయండి, మీరు స్వేచ్ఛ గలవాళ్లు అని పాత రాజు ఎప్పుడో మాట ఇచ్చాడు. ఆ మాటను ఏటి ఒడ్డున నిలబడి, బురదలో మోకాళ్ల దాకా దిగబడ్డ వాళ్లకు చదివి వినిపించింది బల్తసారే. ముందు నిలబడ్డవాడు, తరవాత వాళ్లకు నాయకుడైన క్రిస్పీన్, వింటూ ఒకటే అడిగాడు: "ఈ మాట మళ్ళీ మారదు కదండీ?" మారదు అన్నాడు తను. రాజుగారి మాట అన్నాడు. ఇప్పుడు ఇంగ్లీషువాళ్లతో సంధి కుదిరింది, వాళ్ల మనుషుల్ని వాళ్లకు తిరిగి అప్పగించండి అని అదే రాజుగారి పేరుతో, అదే సంతకంతో ఆజ్ఞ. వెనక్కి పోతే ఏం చేస్తారో క్రిస్పీన్ వీపు చూసినవాడికి చెప్పక్కర్లేదు.

క్రిస్పీన్ కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డది తనే. తనకు పిల్లలు లేరు. ఇనేస్ పోయాక, ఇక ఎవరినీ ఎత్తుకోననుకున్నాడు. పసిదాని తలను తన అరచేతిలో పెట్టారు. మాడు ఇంకా పూడలేదు, చర్మం కింద ప్రాణం టకటకా కొట్టుకుంటోంది, గూడు నుంచి పడ్డ పిట్టను పట్టుకున్నట్టు. ఫాదరీ నీళ్లు పోస్తే ఆ నీళ్లు తన వేళ్ల సందుల్లోంచి కారాయి. పిల్ల ఏడవలేదు, కళ్లు విప్పి చూసింది. ఇప్పుడు నాలుగేళ్లది. కోట గుమ్మం దగ్గర చేపల బుట్ట పక్కన కూర్చుని, తనను చూసి గవర్నరు అనడం రాక ఏదో అంటుంది. ఏమంటుందో గుర్తు తెచ్చుకుందామనుకున్నాడు. రావడం లేదు. గంట మోగుతుంటే ఏమీ గుర్తురావడం లేదు.

వాళ్లకు ఎవరూ చెప్పలేదు. రెండుసార్లు ఆజ్ఞ వచ్చింది, రెండుసార్లూ సభ తలుపులు మూసి చదివారు. కోటలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు, కానీ ఈ సంగతి మాత్రం నానింది. ఎందుకంటే పురుగుల పిండి తినలేక కోటంతా మెర్సెద్ పేట చేపల మీద, మొక్కజొన్న మీద బతుకుతోంది. వాళ్లకు తెలిస్తే వెళ్లిపోతారు. అందుకని ఆకలి అందరి నోళ్లూ కుట్టేసింది. మరి నీ నోరు? అంది ఇనేస్, ఎప్పటిలాగే మెల్లగా, నేల కింద నుంచి. నాదా, నేను గవర్నర్ని, మూసిన సభలో చదివిన ఆజ్ఞను బయటపెడితే రాజద్రోహం అన్నాడు తను. ఇనేస్ నవ్వింది. నువ్వు అవుననవు, కాదనవు, నీతో కాపురం పొగమంచుతో కాపురం చేసినట్టే ఉంది అని బతికున్నప్పుడు అనేది. అప్పుడు అది సరసం. ఇప్పుడు కిటికీ నిండా అదే ఉంది.

నిజానికి చెయ్యాల్సిన పని ఒక్క గుర్రం చేస్తుంది. ఒక మనిషిని గుర్రం ఎక్కించి, పేటకు పోయి, పిల్లాపాపలతో దక్షిణాన చిత్తడి దీవుల్లోకి పొమ్మని చెప్పించడం. దానికి తన పేరు తగులుతుంది. మంచుకు ఏ పేరూ తగలదు. మంచు ఓడను ఆపుతుంది, గాలి ఓడను తోస్తుంది, మేట చూసుకుంటుంది. ఈ ఓడలో ఉన్నది మూడో కాగితమే అయి ఉంటుంది, అది చేరకపోతే మూడోసారి కాదనే పని తనకు ఉండదు. మూడోసారి కాదంటే మరి పద్ధతి కాదు, సంకెళ్లే అని ఫెర్మిన్ ముందే చెప్పాడు. హవానా కోటలో సముద్రం నీళ్లు పోటుకు లోపలికొచ్చే గదులున్నాయి. బల్తసార్‌కి భయం వేసింది. భయం వేస్తోందని తనతో తను ఒప్పుకోవడం కూడా ఇదే మొదటిసారి. ఓడలో ఎంతమంది ఉంటారు? నావికులు, కొందరు సిపాయిలు, వంటవాడు. గంట కొడుతున్నవాడు ఒకడు. వాడి చెయ్యి నొప్పి పుట్టదా?

రెండో ఫిరంగి. తరవాత, చాలాసేపటికి, మూడోది. మూడోది పక్కకు ఒరిగి పేలినట్టు వినిపించింది.

అప్పుడు గంట ఆగిపోయింది.

ఆగిందని వెంటనే తెలియలేదు. తరవాతి దెబ్బ కోసం చెవులు ఎదురుచూశాయి. అది రాలేదు. అలల చప్పుడు కూడా లేదు. తొమే గిన్నెను నేల మీద పెట్టాడు, ఆ చిన్న చప్పుడుకు బల్తసార్ ఉలిక్కిపడ్డాడు. సరంగు సిలువ గుర్తు వేసుకున్నాడు. గవర్నరు వైపు చూడకుండా, "ఇంక నేను పోనక్కర్లేదండి," అన్నాడు. పోనక్కర్లేదు. అంతే. జరగాల్సింది జరిగింది. బల్తసార్ తన చేతుల వైపు చూసుకున్నాడు. పొడిగానే ఉన్నాయి. మాడు మీది చల్లదనం మెడ దాకా దిగింది, అక్కడి నుంచి వీపులోకి. తన పేరు పిలుస్తారేమోనని విన్నాడు. నవ్వొద్దు, నిజంగానే చెవి ఒగ్గి విన్నాడు. ముసలివాడు, గవర్నరు, కిటికీలోంచి మెడ బయటకు పెట్టి, సముద్రం తనను పేరు పెట్టి పిలుస్తుందేమోనని.

పిలవలేదు. పాడింది. మొదట ఒక గొంతు, దానికి జవాబుగా చాలా గొంతులు. తనకు తెలియని భాష. నీళ్ల మీది నుంచి, మంచు లోపలి నుంచి, మెల్లగా దగ్గరకొస్తూ. మునిగిపోయినవాళ్లు ఇంత త్వరగా పాట నేర్చుకుంటారా అనుకున్నాడు. ఒక గొంతు అడుగుతుంది, మిగతావి బదులిస్తాయి, మధ్యలో ఏదో నీళ్లను కొడుతుంది. అది విన్నట్టే ఉంది. ఎక్కడ? ఏటి ఒడ్డున, బురదలో, మొదటి రోజు. కాదు, ప్రతి శుక్రవారం, చేపల పడవలు వచ్చేటప్పుడు. తెడ్ల పాట. పాలిపోయి ఉన్న తొమే ముఖం ఒక్కసారిగా వెలిగింది. "ఓరి వీళ్ల దుంప తెగ," అన్నాడు ముసలి సరంగు, "నా దారి దొంగిలించార్రా."

మెట్ల మీద పరుగు. లేఖరి ఫెర్మిన్, ఎన్నడూ పరిగెత్తి ఎరగనివాడు, తలుపు పట్టుకుని రొప్పుతున్నాడు. "ఓడ లోపలికొచ్చిందండి. మెర్సెద్ పేటవాళ్లు దోనెలేసుకుని పోయి, ఓడ ఒరిగినప్పుడు నీళ్లలో పడ్డవాళ్లను తీసి, ఓడకు తాళ్లు కట్టి లాక్కొచ్చారు. విచారణాధికారి వెర్గారగారు దిగారు. సభ పిలవమంటున్నారు, ఇప్పుడే. బట్టలు కూడా మార్చుకోనన్నారండి."

సభ గదిలో కిటికీలు తీసే ఉన్నాయి, మంచు లోపలికొచ్చి గోడల వెంట నిలబడింది. కోట అధికారులు టోపీలు చేత్తో పట్టుకుని వరసగా ఉన్నారు. వెర్గార కుర్రవాడు, పెదవులు నీలంగా ఉన్నాయి, ఎవరిదో గొంగళి కప్పుకున్నాడు. గొంగళి చేపల వాసన వేస్తోంది. పెరట్లో హవానా సిపాయిలు ఉప్పునీళ్లు కక్కుతుంటే, మెర్సెద్ పేట ఆడవాళ్లు వీపులు రాస్తున్నారు. తలుపు బయట, గడప అవతల, క్రిస్పీన్ నిలబడ్డాడు. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. గడప దాటే హోదా అతనికి లేదు కాబట్టి అతన్ని ఎవరూ చూడడం లేదు. బల్తసార్ చూశాడు.

"తొమే తాతకి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాం దొరగారూ," అన్నాడు క్రిస్పీన్, తప్పు చేసినవాడిలా. "ముద్ర లేనివాళ్లం దారి చూపకూడదని తెలుసండి. కానీ అట్లా పిలుస్తా ఉంటే ఎలా ఊరుకుంటాం. తాతనేమీ అనకండి."

బల్తసార్ గడప వైపు ఒక అడుగు వేసి ఆగాడు. ఏమనగలడు? నేను ఆపాను, మీ కోసమే ఆపాను, కాదు, నా కోసం ఆపాను. వెర్గార చలికి వణుకుతూ, చొక్కా లోపలి నుంచి మైనపు గుడ్డ చుట్టను తీశాడు. "దీన్ని తడవనియ్యకూడదని చేతులు పైకెత్తి పట్టుకున్నాను," అన్నాడు, మెచ్చుకుంటారన్నట్టు. "మునిగిపోతుంటే ఎవడో నా జుట్టు పట్టుకు లాగాడు. ఎవడో ఏమిటో, మంచి బలం ఉన్నవాడు." విప్పితే కాగితం పొడిగా, పెళపెళలాడుతూ ఉంది. ఫెర్మిన్ చదివాడు. మెర్సెద్ పేటలోని వాళ్లనందరినీ, ఆడా మగా పిల్లల్నీ, ఇదే ఓడలో, తరవాతి పోటుకే పంపాలి. మొదటి పేరు, నాయకుడు క్రిస్పీన్. ఇది మూడోసారి, మనవులు చెల్లవు. నేను, రాజు.

ప్రతిసారీ మూసే తలుపులు ఈసారి తెరిచే ఉన్నాయి. హడావిడిలో ఎవరూ మూయలేదు. క్రిస్పీన్ గడప అవతల కదలకుండా ఉన్నాడు. నీటి చుక్కలు మాత్రం అతని చేతి వేళ్ల నుంచి బండల మీద పడుతున్నాయి. అతను కాగితాన్ని చూడడం లేదు, వెర్గారను చూడడం లేదు. బల్తసార్ ముఖం చూస్తున్నాడు. మారదు కదండీ, అని అడిగిన రోజు చూసినట్టే. అతని వెనక, పెరటి వైపు మంచు దట్టంగా ఉంది, ఆ మంచులో వాళ్ల దోనెలు, వాళ్ల ఆడవాళ్లు, చేపల బుట్ట పక్కన ఒక చిన్నపిల్ల ఉన్నారు. ఓడ ఎక్కాల్సినవాళ్లూ, దోనెలు నడపగలవాళ్లూ వాళ్లే. సిపాయిలకు ఇంకా లేచి నిలబడే ఓపిక రాలేదు.

బల్తసార్ రెండు చేతులూ చాపి కాగితం అందుకున్నాడు. ముద్దు పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది. నెత్తిన పెట్టుకున్నాడు.

వెర్గార వణుకు కూడా బిగబట్టుకున్నాడు. ఫెర్మిన్ కలం ఎత్తి పట్టుకుని, రాయడానికి రెండు మాటల్లో ఏదో ఒకటి కోసం ఎదురుచూస్తున్నాడు. శిరసావహిస్తున్నాను అంటే అమలు. కాదంటే సంకెళ్లు, వెర్గార చేతిలోకి అధికారం, ఆ మీదట అమలు. ఏది అన్నా మెర్సెద్ పేటవాళ్లకు ఒకటే. బల్తసార్ ఏదీ అనలేదు. ప్రార్థన ఒకటి చెప్పుకునేంతసేపయింది. ఇంకొకటి చెప్పుకునేంతసేపయింది. మాడు మీద ఆ చెయ్యి ఉంది, బరువుగా, మంచుగడ్డలా, ఎప్పటికన్నా గట్టిగా. ఉండనీ. నువ్వు నా నెత్తి మీద ఉన్నంతసేపూ ఈ గదిలో ఎవరూ కదలకూడదు, ఇది నీ పద్ధతే కదా అనుకున్నాడు. ఎంతసేపో ఎక్కడా రాసిలేదు. ఫెర్మిన్ కళ్లు మెల్లగా పైకి లేచాయి, ఆయనకు అర్థమైంది. కలం కొస నుంచి సిరాబొట్టు తెల్లకాగితం మీద పడింది. ఫెర్మిన్ దాన్ని అద్దలేదు.

బల్తసార్ క్రిస్పీన్ వైపు చూసి, కాగితం జారకుండా, కళ్లు ఒక్కసారి మూసి తెరిచాడు.

గడప అవతల ఎవరూ లేరు. తడి అడుగులు బండల మీద నుంచి పెరటి వైపు పోయి, మంచులో ఆగిపోయాయి. చేతులు నొప్పి పుడుతున్నాయి. మెడ పట్టేస్తుందండి అన్నాడు ఫెర్మిన్, నిజమే, పట్టేస్తోంది. వెర్గార నోరు తెరవబోయి, కాగితం వైపు చూసి, మూసుకున్నాడు. చదువుకున్నవాడు, పద్ధతి తప్పడు. ఆ చల్లని చేతి కింద, మాడు మీద, ఏదో టకటకా కొట్టుకోవడం మొదలైంది. తన ప్రాణమే కాబోలు. కిటికీలోంచి నీళ్ల మీద తెడ్ల చప్పుడు వచ్చింది, చాలా తెడ్లు, ఏటికి ఎగువకు. పాట కోసం విన్నాడు. ఎవరూ పాడటం లేదు. ఆ చప్పుడు సన్నబడింది, సన్నబడింది, దోన్ బల్తసార్ కాగితం దించలేదు.